వడ్డన లేని భోజనం



మామిడికాయలు కోతకొచ్చే రోజుల్లో బెజవాడ ఇల్లాళ్ళలో చాలామందికి నూజివీడు ప్రయాణం ఒకటి తప్పదు. ఆవకాయకు గట్టికాయ కావాలి, పిల్లలకు చిన్నరసాలు కావాలి, ఆడపడుచు ఇంటికి ఒక బుట్ట బంగినపల్లి పంపాలి. నున్న, ఆగిరిపల్లి మీదుగా కొందరు వెళతారు. గన్నవరం దాటి హనుమాన్ జంక్షన్ దగ్గర ఎడమకు తిరిగి కొందరు వెళతారు. 2022లో నూజివీడు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి మారినా, ఆవకాయ జాడీకి జిల్లా సరిహద్దులతో పనిలేదు గదా!

వెళ్ళేటప్పుడు ఎవరికీ ఇబ్బంది ఉండదు. నాలుగు ఇడ్లీలు తినే బయలుదేరతాం. చిక్కంతా తిరుగు ప్రయాణంలోనే. తోటలో ఎండన తిరిగి, బేరమాడి, కాయలు ఏరించి, బుట్టల్లో వరిగడ్డి పరిపించి కారెక్కేసరికి మధ్యాహ్నం రెండు దాటుతుంది. పెద్దరోడ్డు ఎక్కీ ఎక్కగానే పిల్లల కంట పిజ్జా దుకాణం బోర్డు పడుతుంది. "అమ్మా, పిజ్జా!" అని కేకలు. "ఆ రొట్టె నాకొద్దమ్మా, నాకింత మజ్జిగ చాలు" అంటారు అత్తగారు. శ్రీవారు ముందు గడియారం చూసి, తర్వాత జేబు తడుముకుంటారు. ఆఖరికి అందరూ కలిసి ఇల్లాలి మొహం వంక చూస్తారు. ఈవేళ నేను మాట్లాడబోయేది ఆ ఒక్క నిమిషం గురించి. లోపల దొరికే తిండి ఎటువంటిది, అది మన ఒంటికి సరిపడుతుందా, దేన్ని చూసి లోపలికి అడుగుపెట్టాలి అన్నవి మూడు ప్రశ్నలు. లోపలికి వెళ్ళాక ఎవరు తింటారన్నది నాలుగోది. నా మట్టుకు నాకు అదే అసలు ప్రశ్న.

దారిలో డబ్బిచ్చి తినడం మనకు నిన్న మొన్న అబ్బిన అలవాటు కాదు. 15వ శతాబ్దంలో వినుకొండ వల్లభరాయుడి పేరున వెలసిన క్రీడాభిరామంలో ఓరుగల్లు పూటకూటింటి ప్రస్తావన ఉంది. ఒక్క రూకకు మంచి బియ్యపు అన్నం, గోధుమపిండి వంటకం, పంచదార, పెసరపప్పు, కొత్తగా కాచిన నెయ్యి, అరటిపళ్ళు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు పెట్టేవారట. వింటూంటేనే నోరూరుతోంది కదూ! అయితే ఆ పుస్తకంలో ఊరు తిరుగుతూ ఈ సంగతులన్నీ మనకు చూపించేది ఇద్దరు మగ స్నేహితులు. గురజాడవారి కన్యాశుల్కం 1892లో మొదటిసారి రంగం ఎక్కింది. అందులో పూటకూళ్ళమ్మను ఎరగనివారుండరు. అక్కడా వండి పెట్టేది ఆడది, తిని వెళ్ళేది మగవాడు. ఇక డబ్బు మాటే లేకుండా, వేళాపాళా చూడకుండా దారినపోయేవాళ్ళందరికీ అన్నం పెట్టిన మహాతల్లి డొక్కా సీతమ్మగారు కోనసీమ లంకల గన్నవరంలో ఉండేవారు. ఆవిడ 1909లో కాలం చేశారు. ఈనాటికీ ఆవిడ పేరు చెప్పుకుని దణ్ణం పెడతాం.

చూశారా, మన దేశంలో బాటసారి ఆకలి తీర్చిన చెయ్యి చాలాచోట్ల ఆడదానిదే. మరి ఆడదే బాటసారి అయినప్పుడో? ఆవిడ కోసం ఎవరు విస్తరి వేశారన్న సంగతి మన పుస్తకాల్లో అంతగా కనబడదు. కాఫీ హోటళ్ళు వచ్చిన తర్వాత ఆడవాళ్ళ కోసం 'ఫ్యామిలీ రూము' అని ఒక మూల తడికో తెరో కట్టేవారు. గాలీ వెలుతురూ రాని ఆ గదిలో గబగబా రెండు ఇడ్లీలు మింగి బయటపడటం మన అమ్మలకూ అమ్మమ్మలకూ అనుభవమే.

ఇప్పుడు పిజ్జా సంగతికి వద్దాం. ఇది ఇటలీలోని నేపుల్స్ నగరపు తిండి. దొరలు తినే గొప్ప వంటకం అనుకునేరు! అక్కడి బీదాబిక్కీ, కూలీనాలీ చేసుకునేవాళ్ళు వీధిలో కొనుక్కుని తిన్న రొట్టె ఇది. నేపుల్స్ వంటవాళ్ళు పిజ్జా చేసే విద్యను 2017లో యునెస్కో ప్రపంచ సాంస్కృతిక సంపదల జాబితాలో చేర్చింది. మన దేశంలో 1996లో పెద్ద విదేశీ కంపెనీల దుకాణాలు బెంగుళూరులోనూ ఢిల్లీలోనూ తెరిచారు. అక్కడినుంచి మెల్లిమెల్లిగా జిల్లా పట్టణాలకూ, రహదారుల పక్కకూ వచ్చాయి.

చేసే తీరు వింటే మనకేమీ కొత్తగా అనిపించదు. మైదాపిండిలో నీళ్ళు, ఉప్పు, ఈస్టు కలిపి పిసికి పులియబెడతారు. మన ఇడ్లీపిండి పొంగినట్టే అదీ పొంగుతుంది. దాన్ని గుండ్రంగా వత్తి, పైన టమాటా గుజ్జు రాసి, చీజు తురుము చల్లి, ఉల్లిపాయ, క్యాప్సికం, మొక్కజొన్న గింజలు వంటివి పరిచి బాగా కాగిన పొయ్యిలో పెడతారు. నేపుల్స్ వారి కట్టెల పొయ్యిలో వేడి 400 డిగ్రీలు దాటుతుంది, అందుచేత ఒకటి రెండు నిమిషాల్లో కాలిపోతుంది. మామూలు దుకాణాల్లో విద్యుత్తుతోనో గ్యాసుతోనో నడిచే పొయ్యిల్లో మరికొన్ని నిమిషాలు పడుతుంది. తీగలు తీగలుగా సాగే ఆ చీజు పేరు మొజరెల్లా. పాలు విరిచి, ఆ విరుగుడును మరిగే నీళ్ళలో వేసి సాగదీసి చేస్తారు. దక్షిణ ఇటలీలో దాన్ని గేదెపాలతో చేయడం పేరుమోసిన పద్ధతి. గేదెపాల పెరుగు లేనిదే ముద్ద దిగని కృష్ణా, ఏలూరు జిల్లాల వాళ్ళకు ఆ రుచి మరీ పరాయిదేం కాదు!

మరి ఒంటికి మంచిదా? దీనికి ఒక్కమాటలో జవాబు చెప్పడం కుదరదు. 100 గ్రాముల చీజు పిజ్జాలో సుమారు 260 కేలరీలు ఉంటాయి. ఉప్పు దాదాపు ఒకటిన్నర గ్రాములు. రోజు మొత్తానికి పెద్దవాళ్ళకు ఉప్పు 5 గ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. అంటే రెండు మూడు ముక్కలతో సగం రోజు ఉప్పు అయిపోయినట్టే. రక్తపుపోటు ఉన్నవాళ్ళు ఈ లెక్క గుర్తుంచుకోవాలి. అలాగని పిజ్జాను తిట్టిపోసే ముందు మన ఆవకాయ జాడీ వంక కూడా ఒకసారి చూసుకోవాలి సుమండీ! మైదాలో పీచు తక్కువ గనుక చక్కెర వ్యాధి ఉన్నవాళ్ళు పల్చటి రొట్టె అడిగి, కూరగాయలు ఎక్కువ వేయించుకుని, రెండు ముక్కలతో సరిపెట్టుకోవడం మంచిది.

అసలు ప్రమాదం రొట్టెకన్న పక్కన పెట్టే సీసాలో ఎక్కువుంది. "ఇంతకు ఇంత కలిపితే కూల్ డ్రింకు కూడా వస్తుందండీ" అంటాడు కౌంటరు దగ్గర అబ్బాయి. 300 మిల్లీలీటర్ల కోలాలో 30 గ్రాములకు పైగా పంచదార ఉంటుంది, అంటే ఆరేడు చెంచాలు. కారు వెనకాల బుట్టెడు రసాలు పెట్టుకుని సీసాలో పంచదార నీళ్ళు కొనుక్కోవడం ఎందుకు చెప్పండి? మంచినీళ్ళు అడగండి. తీపి మీద మనసైతే ఇంటికి వెళ్ళాక ఒక పండు తినండి. పది, అంతకుమించి చోట్ల దుకాణాలున్న సంస్థలు ఏ పదార్థంలో ఎన్ని కేలరీలో మెనూలో రాయాలని 2022 నుంచి నియమం ఉంది. పిల్లల చేత అవి పైకి చదివించండి. వాళ్ళకు లెక్కలు వచ్చినట్టూ ఉంటుంది, మనకు తెలిసినట్టూ ఉంటుంది.

"ఇంటినుంచి పులిహోర కట్టుకెళితే ఈ గొడవే ఉండదు గదా" అనేవారు చాలామంది ఉన్నారు. నిజమే, పులిహోర, దధ్యోదనం మన ప్రయాణాలకు తరతరాల తోడు. కాని ఒక్క సంగతి. అన్నం ఉడికినా చావని సూక్ష్మజీవుల బీజాలు కొన్ని బియ్యంలో ఉంటాయి. వండిన అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి వాంతులూ విరేచనాలూ తెస్తాయి. చింతపండు పులుపు, పెరుగు పులుపు వాటిని కొంత అడ్డుకుంటాయి. మన పెద్దవాళ్ళు ప్రయాణానికి ఆ రెంటినే ఎంచుకోవడంలో ఎంత అనుభవం ఉందో చూడండి! అయినా వైశాఖ మాసపు ఎండలో, మూసిన కారులో, తెల్లవారుజామున కట్టిన కొబ్బరన్నమో కూరన్నమో మధ్యాహ్నం మూడింటికి పిల్లలకు పెట్టడం క్షేమం కాదు. ఇంటి తిండి అయినంత మాత్రాన ఎండ దాన్ని వదిలిపెట్టదు.

దారి తిండికి డాక్టర్లు చెప్పే సూత్రం చిన్నది. ఎదురుగా పొగలు కక్కుతూ ఉడికినది తినండి, లేదా స్వయంగా తొక్క తీసుకున్న పండు తినండి, తక్కినవాటి జోలికి వెళ్ళకండి. ఈ లెక్కన పొయ్యిలోంచి అప్పుడే తీసిన పిజ్జా ఫరవాలేదు. ఎప్పుడో కోసి పెట్టిన పచ్చి ఉల్లి చక్రాలు, నీళ్ళు కలిపిన చట్నీ, ఐసుముక్కలు, రోడ్డు పక్కన కోసి ఉప్పుకారం చల్లిన మామిడిముక్కలు మాత్రం అనుమానించవలసినవే. పండు మీ దగ్గరే ఉంది గనుక శుభ్రంగా కడిగి మీ కత్తితోనే కోసుకోండి. చిన్నరసాన్ని నోట పెట్టుకుని జుర్రుకుంటాం కాబట్టి దాని తొక్కను మరింత బాగా కడగాలి. ముచ్చిక దగ్గరి సొన కారిపోయేదాకా కాసేపు నీళ్ళలో వేసి ఉంచితే నోరు పొక్కదు.

దుకాణం ఎంచుకునేటప్పుడు నేను మొదట చూడమనేది వంటగదిని కాదు, మరుగుదొడ్డిని. నవ్వకండి. ప్రయాణంలో మనలో ఎంతమందిమి దారిలో వసతి ఉండదన్న భయంతో పొద్దుటినుంచి గుక్కెడు నీళ్ళు తాగకుండా కూర్చుంటాం! సంకోచం వల్ల ఈ మాట పైకి చెప్పుకోం. ఎండలో తిరిగి, నీళ్ళు తాగక, మూత్రం బిగబట్టుకుంటే తలనొప్పి, కళ్ళు తిరగడం, మూత్రంలో మంట, జ్వరం వస్తాయి. గర్భవతులకు ఇది మరీ ప్రమాదం. అందుచేత ఆగే చోటు పిజ్జా దుకాణమైనా, టిఫిను హోటలైనా, ముందు మీరు వెళ్ళి ఆ వసతి శుభ్రంగా ఉందో లేదో చూసి రండి. అక్కడ నీళ్ళూ సబ్బూ ఉంటే వంటవాడికీ చేతులు కడుక్కునే వీలుందన్నమాట. దారిలో హోటలు దొరక్కపోతే పెట్రోలు బంకు దగ్గర ఆగండి. అక్కడ మరుగుదొడ్డి, తాగేనీళ్ళు ప్రజలకు ఉచితంగా అందుబాటులో ఉంచాలన్నది నియమం. అడగడానికి మొహమాటపడవలసిన పని లేదు.

ఇక డబ్బు సంగతి. ఇంటి ఖర్చు చూసేది మనమే గనుక ఒక చిన్న లెక్క చెబుతాను. పిజ్జా కొలత అంగుళాల్లో రాస్తారు, అది అడ్డకొలత. 8 అంగుళాలవి రెండు కొంటే వచ్చే రొట్టె సుమారు 100 చదరపు అంగుళాలు. 12 అంగుళాలది ఒక్కటి కొంటే 113. అంటే రెండు చిన్నవాటికన్న ఒక పెద్దదే ఎక్కువ! ధరలు పక్కపక్కన పెట్టి చూసుకుని, తలొకటి కొనే బదులు పెద్దది ఒకటి తీసుకుని పంచుకోవడం చాలాసార్లు లాభం. బిల్లు మీద 14 అంకెల ఆహార లైసెన్సు నంబరు ఉందో లేదో చూడండి. 'సర్వీసు చార్జి' అని తమంతట తామే కలిపితే తీసెయ్యమని అడిగే హక్కు మీకుంది. అది బలవంతంగా వసూలు చెయ్యరాదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2022లో చెప్పింది, 2025లో ఢిల్లీ హైకోర్టు ఆ మాటను సమర్థించింది. జి.ఎస్.టి. వేరు, అది పన్ను, ఇవ్వవలసిందే. పేచీ వస్తే 1915 నంబరుకు ఫోను చెయ్యవచ్చు.

ఇప్పుడు ఆ నాలుగో ప్రశ్న. నలుగురూ బల్ల చుట్టూ కూర్చున్నారు అనుకోండి. సంభాషణ ఇలా నడుస్తుంది.

"నీకేం కావాలోయ్?"

"నాకేం వద్దండీ, ఆకలిగా లేదు. పిల్లలు తినగా మిగిలింది తింటాలెండి."

"మరి అమ్మకో?"

"అత్తయ్యగారు బయట తినరు గదా."

అంతే, అయిపోయింది! తెల్లవారుజామున నాలుగింటికి లేచినావిడకు ఆకలి లేదట! పిల్లలు పైనున్న చీజు, మొక్కజొన్న గింజలు తిని చుట్టూ ఉన్న గట్టి అంచులు పక్కన పడేస్తే, ఆ అంచులు ఈవిడ భోజనం. బిల్లులో ఏ వందో మిగిలిందన్నది ఈవిడ తృప్తి. సాయంత్రం ఇంటికి వెళ్ళి కాయలు దింపించి, కడిగి, తుడిచి, గుడ్డ మీద ఆరబెట్టి, మళ్ళీ రాత్రి వంట చెయ్యవలసింది ఎవరు? ఆ అంచుల బలంతోనే చెయ్యాలా? పిల్లలు ఇదంతా చూస్తూనే ఉంటారు. అమ్మకు ఆకలి వెయ్యదని అబ్బాయి నేర్చుకుంటాడు. అమ్మనయ్యాక ఆకలి వెయ్యకూడదని అమ్మాయి నేర్చుకుంటుంది. దారిలో ఆదా చేశాననుకున్న ఆ వంద రూపాయలకు చెల్లించే ఖరీదు ఇది.

అత్తగారి విషయంలోనూ కొంత ఓపిక పట్టాలి. ఆవిడ వద్దన్నారని వదిలేయడం గౌరవం కాదు. అసలు ఎందుకు వద్దంటున్నారో కనుక్కోవాలి. మాంసం కలుస్తుందని భయమైతే శాకాహారం మాత్రమే చేసే చోటు వెతకండి. రెండూ చేసే దుకాణమైతే కోసే కత్తి వేరుగా వాడమని ముందే అడగండి. వెల్లుల్లి తినని మనిషైతే టమాటా గుజ్జులోనే అది సాధారణంగా కలిసి ఉంటుంది, ఆ సంగతి దాచకుండా ఆవిడకు చెప్పండి. పళ్ళు నొప్పి అయితే మెత్తటి మధ్యముక్క కోసివ్వండి. ఇవేవీ కాదు, అలవాటు లేదు, మనసొప్పదు అంటే బలవంతం కూడదు. పక్కనే ఉన్న హోటల్లో వేడి ఇడ్లీయో పెరుగన్నమో తెప్పించి ముందు ఆవిడకు పెట్టించండి. పొద్దుటినుంచీ ఏమీ తినక, బి.పి. మాత్ర, చక్కెర మాత్ర వేళ తప్పిస్తే ఆ ప్రయాణం ఆస్పత్రిలో తేలుతుంది.

ఇన్ని చెప్పినా, పిజ్జా బల్లలో నాకు నచ్చిన గుణం ఒకటుంది. అక్కడ వడ్డన లేదు. రొట్టె ముక్కలుగా కోసి బల్ల మధ్యన పెడతారు, ఎవరి ముక్క వాళ్ళు తీసుకుంటారు. నెయ్యి వెయ్యమనీ, ఇంకాస్త పప్పు వెయ్యమనీ కూర్చున్నచోటు నుంచి ఎవరూ కేకెయ్యరు. ఆ వేడి తగ్గకముందే తినాలి గనుక "మీరు తినండి, నేను తర్వాత తింటాను" అనడానికీ వీలుండదు. చల్లారితే చీజు జిగురుముద్దలా అయిపోతుంది! తడికెల వెనక గబగబా మింగిన రోజులకూ ఈ రోజుకూ తేడా ఇదే. అందరి మధ్యా, అందరితో సమానంగా, వేడివేడిగా తన ముక్క తాను తినే అవకాశం ఇల్లాలికి దొరికింది. దాన్ని మనమే అంచులకిచ్చి పోగొట్టుకోకూడదు.

అందుచేత సోదరీమణులారా, ఈసారి దారిలో ఎక్కడ ఆగినా, అది పిజ్జా అయినా పెసరట్టు అయినా, "నీకేం కావాలి?" అని ఎవరైనా అడిగితే నిజం చెప్పండి. అడగకపోతే మీరే చెప్పండి. ముందుగా ఒక గ్లాసు మంచినీళ్ళు తాగండి, మీ వంతు ముక్క మీ పళ్ళెంలో పెట్టుకోండి. ఇంకొక్క పని కూడా. ఇంటికొచ్చాక, ఆ రొట్టె చేసే విధానం నేర్చుకున్నా నేర్చుకోకపోయినా, ఆ కూర్చునే విధానం మాత్రం నేర్చుకోండి. వారానికి ఒక్క పూట గిన్నెలన్నీ మధ్యలో పెట్టి, గరిటెలు వాటిలోనే వేసి, అందరితోపాటు మీరూ పీట వేసుకోండి. ఎవరికి కావలసింది వాళ్ళు వడ్డించుకుంటారు. కొత్త ఆవకాయ కలిపిన మొదటి ముద్ద వేడన్నంతో తింటే ఎంత బాగుంటుందో, కలిపిన చేతికి కూడా తెలియాలి కదా!